పాములు తీసేసిన వైకుంఠపాళి

ఆటలు అచ్చువేసి అమ్మేవాడికి ఆట రానక్కర్లేదని గుంటూరులో రుజువు చేసినవాణ్ణి నేను. యాభైల చివర్లో, అరవైల్లో, ఏటా మాఘమాసంలో నా ప్రెస్సు నుంచి వైకుంఠపాళి పటాలు కట్టలు కట్టించి కోటప్పకొండ తిరునాళ్లకు పంపేవాణ్ణి. శివరాత్రి జాగారానికి ఆ పటం పరుచుకుని గవ్వలు వేయని ఇల్లు నరసరావుపేట వైపు తక్కువ. నేను మాత్రం ఏనాడూ ఒక్క ఆట చివరిదాకా ఆడలేదు. రంగు చెదరకుండా పడిందా లేదా అన్నదే నాకు తెలిసిన వైకుంఠం.

పటం గీసేది మంగళగిరి నుంచి వచ్చే ఒక పెద్దాయన. నేతపని కుటుంబం. చీర అంచులకు నమూనాలు గీసిన చెయ్యి కనుక గడులు ఆయనకు కొత్త కాదు. ప్రెస్సులో అందరం మేస్త్రిగారు అనేవాళ్లం. ఆయన పటం ఏటా ఒకటేనని కొనేవాళ్లు అనుకునేవాళ్లు. కాదు. ఏటా ఒకటో రెండో పాములు చోటు మారేవి. అచ్చుకు ముందు ఆయన పటాన్ని కాగితం మీద గీసి, ప్రెస్సు వెనక వసారాలో పరిచి, ఆ వీధి ఆడవాళ్లను పిలిచి వారం రోజులు ఆడించేవాడు. తాను ఆడేవాడు కాదు, వాళ్ల ముఖాలు చూసేవాడు. ఎక్కడైనా ఇద్దరు ఆవులిస్తే ఆ వరుసలోకి ఒక పాము వచ్చేది. ఎవరైనా విసిగి గవ్వలు పడేస్తే ఆ దగ్గర్లో ఒక చిన్న నిచ్చెన మొలిచేది. పొద్దుగుంకాక మొదలుపెట్టిన ఆట తెల్లవారేదాకా సాగాలి, మధ్యలో ఎవరికీ ఆశ చావకూడదు. తండ్రి దగ్గర నేర్చుకున్న పద్ధతి అది. చివరికి ఆయన "సరే" అంటేనే అచ్చు. ఆ ఒక్క మాట కోసం నా యంత్రం వారం రోజులు ఖాళీగా ఉండేది. నాకు ఒళ్లు మండేది.

అప్పటికి అరవ దేశం నుంచి నాలుగు రంగుల పటాలు చవగ్గా దిగుతున్నాయి. వాటి మీద దేవుళ్లు సినిమా వాళ్లలా బుగ్గలు పొంగించుకుని ఉండేవాళ్లు. నా గుండెల్లో రాయి పడింది. సరిగ్గా అప్పుడే ఒక నశ్యం వర్తకుడు దొరికాడు. అచ్చు ఖర్చు తాను పెట్టుకుంటాడట, పటంలో తన డబ్బా బొమ్మ వేయాలట. మేస్త్రిగారి కాగితం తెచ్చి చూపించాను. డబ్బా పట్టేంత ఖాళీ పెద్దపాము పక్కనే ఉంది.

"ఏమోయ్, సొమ్మిచ్చి నా డబ్బా పాము నోట్లో పెట్టించుకోవాలా?" అన్నాడు. "తీసెయ్ దాన్ని. అసలు ఇన్ని పాములెందుకు? ఓడిపోవడానికి ఎవడన్నా పటం కొనుక్కుంటాడా?"

అదొక గొప్ప సత్యంలా తలూపాను. పెద్దపాము పోయింది. దాంతోపాటు ఇంకో ఆరు పోయాయి. భక్తి అని రాసి ఉండాల్సిన గడిలో, నిచ్చెన మొదట్లో, నశ్యం డబ్బా కూర్చుంది. ముక్కులోంచి మోక్షానికి దారి వేశామన్నమాట. వ్యాపారం తెలిసినవాణ్ణని ఆ రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను.

మేస్త్రిగారు కొత్త పటాన్ని చాలాసేపు చూశాడు. కోప్పడలేదు.

"ఒక్క ఆట ఆడించి చూద్దాం బాబూ. తర్వాత మీ ఇష్టం."

"ఆడుకుంటూ కూర్చుంటే ప్రెస్సు ఎవరు నడుపుతారు మేస్త్రిగారూ?" అన్నాను. పనివాళ్లు వినేలాగే అన్నాను. ఆయన గవ్వలు ఏరి కండువా చెంగులో ముడి వేసుకుని మంగళగిరి వెళ్లిపోయాడు. ఆయన సరే అనకుండా నా ప్రెస్సులో అచ్చయిన మొదటి పటం అది.

తిరునాళ్లలో పటాలన్నీ అమ్ముడుపోయాయి. మర్నాటి నుంచి తిట్లు మొదలయ్యాయి. మిరపకోతలు వదులుకుని బస్సెక్కి వచ్చిన ఒక పెద్దావిడ పటాన్ని నా బల్ల మీద పరిచింది.

"ఏమయ్యా, మొదటి జాము దాటకముందే ఇంటిల్లిపాదీ వైకుంఠానికి పోయాం. మళ్లీ వేస్తే మళ్లీ పోయాం. మూడోసారి ఎవరికి కావాలయ్యా ఆ వైకుంఠం? పిల్లా పెద్దా అందరూ పడి నిద్రపోయారు. నలభై ఏళ్లుగా తప్పని జాగారం నీ పటంతో పోయింది."

నశ్యం పీల్చాల్సింది అని వెనక ఎవడో అన్నాడు. పనివాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఆ వారమే మంగళగిరి వెళ్లాను. మళ్లీ గీయమని, పోయిన పాములన్నీ వెనక్కి తెమ్మని మేస్త్రిగారిని బతిమాలాను. ఆయన నిష్ఠూరమేమీ ఆడలేదు. మగ్గం పక్కన పాత పటం పరిచి, ముందు మీరు కూర్చోండి, ఆ తర్వాత గీస్తాను అన్నాడు. కూర్చున్నాను. కాసేపటికి ఒక పాము మింగితే మొదటి వరుసకు జారాను. మళ్లీ ఎక్కాను, మళ్లీ జారాను. మూడోసారి జారగానే బస్సుకు వేళయిందని లేచి నిలబడ్డాను. బస్సులు చాలానే ఉన్నాయని ఇద్దరికీ తెలుసు. ఆయన, ప్రెస్సు వసారాలో ఆడవాళ్లను చూసినట్టే, నా ముఖం చూశాడు.

"వెళ్లిరండి బాబూ," అన్నాడు. గీస్తానని అనలేదు. నేను మళ్లీ అడగలేదు.

మరుసటేడు నేను చేసింది ఇదీ. ఆయన గీసిన పాత పటం ఒకటి బీరువా అడుగున దొరికితే, ఒక కుర్ర ఆర్టిస్టు చేత గీతకు గీత దింపించాను. ఆటలో లోటేమీ లేదు. జాగారాలు నిలబడ్డాయి. ఆ తర్వాత నేను ప్రెస్సు అమ్మేసేదాకా అదే పటం వేశాను. ఏ పామూ కదలలేదు, ఎవరి ముఖమూ ఎవరూ చూడలేదు. అడుగు అంచున మాత్రం ఒక వాక్యం నేనే రాసి వేయించాను: పూర్వుల సంప్రదాయం ప్రకారం, ఒక్క గడి కూడా మార్చనిది. ఆ మాట చూసి మరీ జనం కొనేవాళ్లు. అప్పటికి మేస్త్రిగారు బతికే ఉన్నారు. మంగళగిరిలోనూ ఆ పటం అమ్మేవాళ్లు.