చుక్క నీరు రాని కారు

అప్పన్న పుట్టి బుద్ధెరిగి కారు ఎక్కలేదు. కొత్తపేట దగ్గర కాలవగట్టున వాళ్ళది పడవలు కట్టే ఇల్లు. తాత కట్టాడు, తండ్రి కట్టాడు, అతనూ కడుతున్నాడు. ఆ చేతులతో ఒక కారు బాగుచెయ్యవలసి వస్తుందని అతను అనుకోలేదు.

కారు ఆ ఊరి భూస్వామి భీమరాజుగారి తండ్రి కొన్నది. చక్రాలకు చెక్క ఆకులు, పైన మడిచే గుడ్డ టాపు, ముందు రెండు ఇత్తడి దీపాలు. యుద్ధంలో పెట్రోలు దొరక్క ధాన్యం కొట్టు పక్క పాకలో పెట్టారు. యుద్ధం ముగిసింది, పెద్దరాజుగారు పోయారు, స్వరాజ్యం వచ్చింది. కారు పాకలోనే ఉంది. కోళ్ళు అందులో గుడ్లు పెట్టేవి. గుండ్రటి కొత్త కార్లు పంటు మీద గోదావరి దాటి వస్తున్న రోజులు. దీన్ని చూసినవాళ్ళు, "పల్లకీకి చక్రాలు కట్టేరండీ" అని నవ్వేవారు.

పంతొమ్మిదివందల యాభైమూడులో ఉన్నట్టుండి భీమరాజుకు ఆ కారు మీదికి మనసు మళ్ళింది. అమలాపురం నుంచి మెకానిక్కును పిలిపించాడు. అతను హ్యాండిలు తిప్పాడు. ఇంజను దగ్గి, తుమ్మి, మోగింది.

"ఇంజను నిక్షేపంలా ఉందండి. చచ్చింది చెక్కండి. ఈ బాడీ అంతా చెక్కే. ఇది నా పని కాదండి, వడ్రంగి పని."

బండ్లు చేసే వడ్రంగి వచ్చి చూసి, వంపులు ఎక్కువని తప్పుకున్నాడు. వంపులంటే పడవలవాడే. అలా అప్పన్నకు కబురు వెళ్ళింది.

ఇంజను మోగిన సంగతి రైసుమిల్లు సత్యం చెవినా పడింది. "ఇంజను నా మిల్లుకి ఇచ్చేయండి రాజుగారూ. చక్రాలు ఎద్దుబండికి వేసుకోండి. మిగిలింది పొయ్యిలోకి" అన్నాడు. భీమరాజు ఔననలేదు, కాదనలేదు. "అప్పన్న బాడీ కుదిరిస్తే కారు. కుదరకపోతే నీ మిల్లు" అన్నాడు. అప్పన్న ఎదుటే అన్నాడు. తర్వాత అతని వైపు తిరిగాడు.

"నాన్నగారు ఇందులో ఎక్కితే దిగేటప్పటికి పంచె మోకాళ్ళదాకా బురదే. రోడ్డు మీద నీళ్ళన్నీ కిందనించి చిమ్మేవి. లోపలికి చుక్క రాకూడదు అప్పన్నా."

"ఆయ్" అన్నాడు అప్పన్న.

చుక్క రాకూడదు. ఆ మాట అతనికి కొత్త కాదు. పడవ కట్టించుకునే ప్రతివాడూ ఆ మాటే అంటాడు.

పనిలోకి దిగాక మాత్రం అంతా అయోమయంగా ఉండేది. పడవలో చెక్క నీళ్ళు తాగి ఉబ్బుతుంది, సందులు బిగుస్తాయి. కారులో చెక్క ఎండకు ముడుచుకుంటుంది. పలకలు ఎంత దగ్గరగా వెయ్యాలి? పడవకు అడుగే ప్రాణం. దీనికి అడుగు నేలను తాకనే తాకదు. మరి దీని ప్రాణం ఎక్కడ? మెకానిక్కును అడిగితే నవ్వాడు. భీమరాజును అడిగితే, "నీకు తెలీదా?" అన్నాడు. అప్పన్న మళ్ళీ అడగలేదు.

ఒక్కచోట మాత్రం అతనికి స్పష్టంగా కనిపించింది. వెనక సీటును చుట్టుకుని ఒకే మందపాటి బద్ద తిరిగి వస్తుంది. ఎక్కడా అతుకు లేదు, కోత లేదు. ఆవిరి పట్టి, ఓపిగ్గా, కొద్దికొద్దిగా వంచిన చెక్క. అప్పన్న దానిమీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చున్నాడు. ఏ దేశంవాడో, ఈ వంపు తెచ్చినవాడు పడవలు కట్టినవాడే. అందులో అనుమానం లేదు. ఆ రోజునుంచి కారు అతనికి కొంచెం బంధువైంది.

ఇంటికి వెళ్ళినా అదే ధ్యాస. భార్య లోవమ్మ ఊరుకుంటుందా?

"పడవలవాళ్ళు వచ్చి పోతున్నారు. ఆ కోళ్ళగూడు మీద ఏం మోజయ్యా నీకు?"

"కోళ్ళగూడు కాదే. బలే కట్టేడు మహానుభావుడు."

"ఎవరు?"

"ఎవరో."

"అయితే ఆ ఎవరో వచ్చి అన్నం పెడతాడులే" అని ఆమె గిన్నె ముందుకు తోసింది.

పుచ్చిన పలకలు తీసి టేకు పలకలు వేశాడు. వెనక సీటు ముందు కాళ్ళు పెట్టుకునే పల్లంలో, అడుగున, వేలు దూరేంత కన్నాలు రెండు కనిపించాయి. పురుగు తొలిచినవి కావు. అంచులు నున్నగా ఉన్నాయి. ఇంత పనిమంతుడు కన్నాలు ఎందుకు వదిలేశాడు? అప్పన్నకు అర్థం కాలేదు. ఎవరో తర్వాత పొడిచి ఉంటారనుకున్నాడు. కర్రచీలలు చెక్కి బిగించాడు. పలకల సందుల్లో నూనెలో నానిన నూలు కూరాడు. గుగ్గిలం కాచి పైన పట్టించాడు. తలుపుల గడపలకు కూడా పట్టించాడు. అంతా అయ్యాక బిందెడు నీళ్ళు తెచ్చి కిందనుంచి విసిరి కొట్టాడు. లోపల చెయ్యి పెట్టి చూశాడు. పొడి.

టాపు గుడ్డ ఇంకా కుట్టాలి. కారును ఎండకు ఆరనిద్దామని పాకలోంచి వాకిట్లోకి తోయించాడు. ఆ సాయంత్రం మబ్బు పట్టింది. వాన తెల్లార్లూ కురిసింది.

పొద్దున్నే అప్పన్న వచ్చేసరికి సత్యం అక్కడే ఉన్నాడు, ఎడ్లబండితో, ఇద్దరు మనుషులతో. భీమరాజు అరుగు మీద నిలబడ్డాడు. ముందు భాగంలో నీరు నిలవకుండా వెనక్కే జారింది. వెనక పల్లం మాత్రం గడపదాకా నిండి ఉంది. అందులో ఆకాశం కనిపిస్తోంది.

"రాజుగారూ, తమకి కారెందుకండీ, కొర్రమీను పిల్లల్ని వదలండి" అన్నాడు సత్యం. బండివాళ్ళు నవ్వారు.

భీమరాజు నవ్వలేదు. "ఏం చేసేవయ్యా అప్పన్నా?"

"చుక్క రాకూడదన్నారు కదండీ. కిందనించి రాలేదండి." అప్పన్న మబ్బుల కేసి చూశాడు. "పైనించి వచ్చిందండి."

"వచ్చింది పోవద్దూ?"

పడవలోకి వచ్చిన నీరు తోడితే పోతుంది. దానికి వేరే దారి ఉంటుందని అప్పన్నకు ఎప్పుడూ తట్టలేదు. కొబ్బరిచిప్ప తీసుకుని తోడడం మొదలుపెట్టాడు.

"ప్రతి వానకీ నిన్ను పక్కన కూచోబెట్టుకుని తోడించుకోనా? కన్నం పెట్టు" అన్నాడు భీమరాజు.

చిప్ప ఆగింది.

"ఎక్కడండీ?"

"అడుగున."

అప్పన్న సంచిలోంచి కన్నాలు వేసే బరమా తీశాడు. తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళున్న అడుగుకు బరమా పెట్టకూడదని వాళ్ళ ఇంట్లో నడక రాకముందే చెబుతారు. తండ్రి కోపంలో కూడా ఒక్కసారైనా కన్నం పెట్టమన్న మాట నోట అనలేదు. అతను జీవితమంతా మూసినవే కన్నాలు.

"పెట్టలేనండి."

"పెట్టలేకపోతే పోనీలే. సత్యం, ఇంజను విప్పించుకో."

సత్యం మనుషులు ముందుకు వచ్చారు. ఒకడు రెంచి తీశాడు. రెండోవాడు, కారును పక్కకు లాగాలంటే తడిసిన బోనెట్టు జారుతుందని, వెనక్కి పోయి ఆ వంపు బద్ద మీద గొలుసు పడేశాడు. చెక్క మీద ఇనుము రాసుకున్న చప్పుడు.

"గొలుసు తియ్యి" అన్నాడు అప్పన్న. ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అన్నాడు. "గొలుసు తియ్యవయ్యా."

కారు కిందికి దూరి బురదలో వెల్లకిలా పడుకున్నాడు. తాను బిగించిన చీలల్లో ఒకదాన్ని వేళ్ళతో తడిమి పట్టుకున్నాడు. నున్నటి అంచు తగిలింది. ఆ ఎవరో ఒకప్పుడు ఇక్కడే బరమా పెట్టి ఉంటాడు. అయితే అతను పడవలవాడు కాడా? లేక పడవలవాడై ఉండీ పెట్టాడా? ఇది ఎంతకీ తేలేది కాదు. అప్పన్న కళ్ళు మూసుకుని బరమా తిప్పాడు.

పొట్టు రాలింది. తర్వాత చల్లటి నీరు ముఖం మీద పడింది. అతని బొటనవేలు తనంతట తానే వెళ్ళి కన్నానికి అడ్డుపడింది. నీరు ఆగింది.

పైన సత్యం ఏదో అంటున్నాడు. భీమరాజు వంగి చూశాడు.

"ఏమైంది?"

"పడిందండి."

"మరి నీళ్ళేవీ?"

"పట్టుకున్నానండి."

భీమరాజు బండివాళ్ళను పొమ్మని చెయ్యి ఊపాడు. ఎడ్ల గంటలు వీధి మలుపుదాకా వినబడ్డాయి.

"ఇంక వదిలెయ్యి అప్పన్నా."

"ఆయ్" అన్నాడు అప్పన్న కారు కిందనుంచి. వేలు ఇంకా అక్కడే ఉంది.