తాయత్తు కట్టాల్సిన చెయ్యి

పెళ్లిచూపుల నాడే మా ఆయన నాతో దాచకుండా చెప్పాడు. "పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నా నేను. నీకు తెలియాల గదా, అందుకే చెప్తాండా." ఆయన మొదటి భార్యది గుండె జబ్బు. ఒక ఆడపిల్ల పుట్టాక, మళ్లీ కాన్పయితే బతకదని, ఆపరేషన్ కూడా ఆమె తట్టుకోలేదని డాక్టర్లు చెబితే ఆయనే వెళ్లి చేయించుకున్నాడు. అయినా ఆమె దక్కలేదు. పెళ్లాం కోసం అంత చేసిన మనిషి మంచివాడే అయ్యుంటాడనుకుని సరేనన్నాను.

ఆయన చెప్పింది నిజమే. చెప్పనిది ఇంకోటుంది. కోయిలకుంట్లకు కాపురానికి వచ్చాకే తెలిసింది, ఈ సంగతి మా అత్తకు తెలియదని. మా వైపు ఆపరేషన్ అంటే ఆడవాళ్లకే. మగవాడు చేయించుకుంటే ఎరువు మూట కూడా ఎత్తలేడని నలుగురూ నవ్వుతారు. అసలే ఎరువుల అంగడి నడిపే మనిషి. అందుకని ఆ మొగుడూ పెళ్లాలు కలిసి, ఆపరేషన్ ఆమెకే అయిందని ఇంట్లో చెప్పేశారు. ఇంటింటా జరిగేదే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

అది నా మీద పడింది. ఏడాది తిరిగేసరికి అందరి కళ్లూ నా కడుపు మీదే. అత్త నన్ను కడప దర్గాకు తీసుకెళ్లి చేతికి తాయత్తు కట్టించింది. ఉపవాసాలు పెట్టించింది, చేదు కషాయాలు తాగించింది. ఆమె చెడ్డదైతే నాకింత బాధ ఉండేది కాదు. ప్రేమగా కాచి ఇచ్చిన కషాయాన్ని ఎలా పారబోయను? ఆయన ఒంటరిగా దొరికితే చాలు, కడిగిపారేసేదాన్ని. రేపు చెబుతాననేవాడు. ఆ రేపు ఎప్పటికీ రాలేదు.

ఇంతలో నాకే నిజంగా బిడ్డ కావాలనిపించింది. మొదటామె కూతురు నన్ను అమ్మా అనే పిలుస్తుంది, ఆ ప్రేమలో ఏ లోటూ లేదు. అయినా కావాలనిపించింది, అందులో సిగ్గుపడేదేముంది. కర్నూలు వెళ్లాం. అక్కడి డాక్టరు అన్నీ విడమరిచి చెప్పాడు. తెంపిన నాళాలను మళ్లీ కలపొచ్చు, కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఆశ తగ్గుతుంది, కలిపినా ఫలితం తెలియడానికి నెలలు పడుతుంది. లేదంటే సూదితో వీర్యకణాలను నేరుగా తీసి టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో ప్రయత్నించవచ్చు, దానికి ఇంజెక్షన్లన్నీ నాకే. అదీ కాకపోతే దాత వీర్యం, లేదా దత్తత. దేనికీ హామీ ఇవ్వలేనన్నాడు.

మా ఆయన తల ఎత్తకుండానే అన్నాడు, "కోసింది నాకే గదా సార్. కుట్టేదీ నాకే కుట్టండి. ఆమెకి సూదులొద్దు."

ఆ మాటకు నా కోపమంతా కరిగిపోయింది. బస్టాండుకు వచ్చేసరికి మళ్లీ వచ్చింది, ఎందుకంటే ఇంట్లో హెర్నియా ఆపరేషన్ అని చెబుదామన్నాడు. కత్తికి భయపడని మనిషి తల్లి నోటికి భయపడ్డాడు. చివరికి అలాగే చెప్పాం. అత్త కొడుక్కి పథ్యం వండి పెట్టింది. కొన్ని నెలలాగి చేసిన మొదటి పరీక్షలో కణాలేవీ కనిపించలేదు. ఇంకొన్నాళ్లు చూసి మళ్లీ చేద్దామన్నారు.

ఆ తర్వాతి ఆదివారం అత్త తమ్ముడు, మా ఆయనకు మేనమామ, మంగంపేట నుంచి వచ్చాడు. వసారాలో అత్త శనక్కాయలు ఒలుస్తోంది, మా ఆయన పక్కన కూర్చుని తానూ ఒలుస్తున్నాడు. నేను టీ ఇచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను.

"ఏమప్పా, ఈమెకి కాన్పు ల్యాకపాయ," అన్నాడు మామ. "మా పక్క ఒక పిల్ల ఉండాది. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి ఈమెను పుట్టింటికి పంపిస్తే సరిపోతాది."

నేనక్కడ లేనట్టే మాట్లాడాడు. అత్త కాయలు ఒలుస్తూనే ఉంది. నేనే చెప్పేయొచ్చు. కానీ నా నోటితో చెబితే తన లోపాన్ని మొగుడి మీదికి నెట్టిందంటారు. ఈరోజు ఆయన నోరు విప్పకపోతే నందికొట్కూరులో మా అమ్మ దగ్గరికి నా అంతట నేనే పోతానని, ఇక తిరిగి రానని ఆ గడప మీదే నిశ్చయించుకున్నాను. ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. ఒక కాయ ఒలిచాడు. ఇంకోటి తీసుకున్నాడు.

"మామా, ఇంక ఆ మాట ఎత్తొద్దు," అన్నాడు కాయ చేతిలో పట్టుకునే. "ఆపరేషన్ అయింది నాకి. మొదటామెకి కాదు. ఈమెకి ఏ లోపమూ ల్యా. మొన్న హెర్నియా అన్నదీ అబద్ధమే, తెంపింది మళ్లా కలిపించుకున్నా."

మామ టీ సగంలో వదిలేసి, బస్సుకు టైమయిందని లేచాడు. అత్త చేటను పక్కకు నెట్టి లేచింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, నా చేతికున్న తాయత్తు ముడిని పళ్లతో పీకి విప్పింది. తీసుకెళ్లి కొడుకు చేతికి బిగించి కట్టింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఇక తిట్లు మొదలవుతాయనుకున్నాం. ఆమె గొంతు పెంచలేదు. కొడుకు ముందే చతికిలబడింది.

"మగబిడ్డను కనకుండానే ఆపరేషన్ చేయించుకుంటివని ఆ పిల్లను సచ్చేదాకా సాధించినా గదరా," అంది. "తలొంచుకోని పడె గాని, నాకి కాదత్తా అని ఒక్కనాడూ అనల్యా. ఇప్పుడు యాడికి పోయి చెప్పుకోల నేను?"