కథలో చావుకు స్నానం

మొన్న ధర్మపురి బస్టాండు పక్కన టైపు మిషన్లు బాగుచేసే కొట్టు ముందు నిలబడితే, నూనె, రిబ్బను సిరా కలిసిన వాసన ముక్కుకు తగిలింది. అంతే, ఎడిత్ దొరసాని పకపకా నవ్వడం చెవుల్లో వినిపించింది. మీరెవరూ ఆవిడను చూసి ఉండరు. హత్యల నవలలు రాసే ఆస్ట్రేలియా రచయిత్రి. మన దేశం చూద్దామని వచ్చి, యుద్ధంతో ఓడలు ఆగిపోయి, మా ఊళ్లో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఆవిడ రాసింది నేను టైపు చేసేదాన్ని, మా అమ్మ వంట చేసేది.

అబ్బ, ఎంత సరదా మనిషో! రాతలు మాత్రం అమావాస్య చీకటి. తీర్థమలై గుడికొండ ఎక్కినప్పుడు అందరూ దండాలు పెట్టుకుంటుంటే, ఆవిడ బండ అంచున నిలబడి, "ఇక్కణ్ణుంచి తోస్తే మనిషి ఎక్కడ పడతాడు?" అని నన్నడిగారు. నేను భయంతో చుట్టూ చూశాను. "ఇంత మంచి మణిసి, దినమూ ఎవరినో ఒకర్ని చంపకుంటే ఏమే ఈమెకు?" అని అమ్మ విస్తుపోయేది. అయినా కూరలు తరుగుతూ, ఆ రోజు టైపు చేసిన కథ తెలుగులో చెప్పేదాకా నన్ను వదిలేది కాదు. చివరి అధ్యాయం మాత్రం పుస్తకం అచ్చయ్యేదాకా ఎవరికీ చెప్పకూడదని దొరసాని షరతు.

ఒకరోజు ప్రచురణకర్త నవలను తిప్పి పంపాడు. ఇందులో శవాలున్నాయి గానీ చచ్చిపోయిన మనుషులు లేరన్నాడట. ఆవిడ ముఖం అంతలా వాడిపోవడం నేనెప్పుడూ చూడలేదు. "ఇక రాయను. మిషను అమ్మేస్తాను. చివరి అధ్యాయం మీ అమ్మకు చెప్పెయ్, పాపం ఎదురుచూస్తుంటుంది," అన్నారు.

వంటింటి గడపలో కూర్చుని చెప్పాను. కథ మొదటినుంచీ ఉన్న, గొర్రెల బొచ్చు కత్తిరించే ముసలాయన ఎండిన వాగులో చచ్చిపడి ఉంటాడు. చుట్టూ నిలబడినవాళ్లు టీ తాగుతూ హంతకుడెవరని వాదించుకుంటారు. అమ్మ చటుక్కున లేచి పొయ్యి ఆర్పి, బావి దగ్గరికి వెళ్లి తలమీద నీళ్లు గుమ్మరించుకుంది. మా ఇళ్లలో అయినవాళ్లు పోయారని తెలిస్తే స్నానం చెయ్యనిదే పొయ్యి ముట్టరు.

"అమ్మా, అది కథమ్మా!"

"అయితే ఏమి? నెలలుగా మనింట్లోనే కదా ఉండినాడు ఆయన! పావం, అంతమంది ఉండారే, ఒక్కరన్నా ఒక పూట కూడు మానుకున్నారా? సిగ్గులేక టీ తాగతా ఉండారు!"

దొరసాని ఏమైందని అడిగితే ఇంగ్లీషులో చెప్పాను. మొదట విరగబడి నవ్వారు. తడిచీరలో వణుకుతూ వచ్చిన అమ్మను చూసి నవ్వు ఆపేశారు. సాయంత్రం, "ఆ టీ కప్పులు తీసేద్దాం," అంటూ నన్ను పిలిచి మిషను ముందు కూర్చోబెట్టారు.

కొత్త అధ్యాయంలో ముసలాయనకు అన్నం పెట్టే ఇల్లాలొకామె వచ్చింది. ఆయన పోయాడని ఆ రోజు ఆమె ఇంట్లో రొట్టె కాల్చలేదు. నవల అచ్చయింది. యుద్ధం ముగిసి ఆవిడ ఓడెక్కేముందు ఆ పేజీ అమ్మకు చెప్పమన్నారు. అమ్మ కళ్లు తుడుచుకుని, "ఇప్పుడు సరి. దిక్కులేని చావు కాలేదు," అంది. దొరసాని వంగి అమ్మ చేతులు కళ్లకద్దుకున్నారు.

తర్వాత నేనూ హత్యల నవలలే రాశాను. చాలామందిని చంపాను, దాపరికమేముంది! కానీ ఏడ్చే మనిషి ఒకరైనా దొరికేదాకా నా కథలో ఎవరినీ చావనివ్వలేదు.