అంతరిక్ష నౌక గుమ్మం ముందు

మా వంశంలో ఎవరూ మరొకరి గుమ్మం ముందు నిలబడి "ఇంట్లో ఎవరన్నా ఉన్నారా" అని పిలిచిన దాఖలా లేదు. ఊరి దొరలం మేము; కోటలాంటి మా గడీ ముందే ఇతరులు నిలబడి పిలిచేవారు. మూడుసార్లు పిలిచాక లోపలి నుంచి జవాబు వచ్చేది, అదీ జవాను గొంతుతో. ఆ గడీ ఇప్పుడు లేదనే చెప్పాలి. పైకప్పు కూలింది, దర్వాజాలు ఎవరో పట్టుకుపోయారు. నేను తార్నాకలో ఒక జిరాక్స్ దుకాణం పైన రెండు గదుల పోర్షన్‌లో ఉంటాను. యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంట్ ఆఫీసులో సూపరింటెండెంట్‌ని. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, వీపు నిటారుగా పెట్టుకుని, క్యాంపస్ చెట్ల కింద నడుస్తూ ఆఫీసుకు వెళతాను. నా వెనక పిల్లలు "సార్ కర్ర మింగిండు" అనుకుంటారని తెలుసు. అనుకోనీ. మా తాతలు మాకు ఇచ్చినవాటిలో ఎవరూ పట్టుకుపోలేనిది ఆ వీపొక్కటే.

సెమినార్ హాలు ఎవరికి ఇవ్వాలో తేల్చేది నా టేబులే. ఒక మధ్యాహ్నం రంగస్థల కళలు చదివే అమ్మాయి ఒకతి దరఖాస్తు తెచ్చింది. గోల్నాక పిల్ల. పొట్టిగా, చురుగ్గా, ఎవరికీ జంకకుండా ఉంటుంది. దరఖాస్తు చదివి కళ్లద్దాలు తీశాను.

"ఇదేం రాసినవమ్మా? పాడుబడ్డ అంతరిక్ష నౌక కొరకు సెమినార్ హాలు కావాలెనా?"

"నాటకం సార్. ఐదుగురు ప్రయాణికులు అంతరిక్షంల చిక్కుకపోతరు. వాళ్ల నౌక ఖరాబైతది, గాలి అయిపోవస్తది. గప్పుడు ఇంకో నౌక కనబడతది. గంత పెద్దది, లోపల మనిషి జాడ లేదు. ఎవరిదో తెల్వదు. అండ్లకు పోయి చూస్తరు."

"చూసి?"

"గదే నాటకం సార్."

వార్షికోత్సవానికి ఆరుబయట రంగస్థలం మీద ఒక్క నాటకమే ఆడతారు. ఏది ఆడాలో ఒక కమిటీ ముందుగా చూసి ఎంచుతుంది. గత రెండేళ్లూ ఆ అమ్మాయి నాటకాలు వెనక్కి వచ్చాయి. ఇది ఆమెకు ఆఖరి సంవత్సరం. ఇదంతా చెప్పి, నేను సంతకం పెడుతుంటే నన్నే చూస్తూ నిలబడింది.

"సార్, మీరు యాక్టింగ్ చేస్తరా?"

"నేనా?"

"మా కెప్టెన్ అచ్చం గిట్లనే కూసుంటడు సార్. నౌక మొత్తం ఖరాబైనా కుర్చీకి వీపు ఆనియ్యడు."

నాకు నవ్వు రాలేదు. కానీ రిహార్సల్ ఎన్ని గంటలకని అడిగాను. ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. మా తండ్రిగారు నలుగురి ముందు నిలబడి మాట్లాడడం నేను చూడలేదు. ఆయన కాలానికే మా మాట వినేవాళ్లు లేకుండా పోయారు. ఒక్కసారి, నలుగురూ వినేచోట, మా ఇంటి గొంతు వినిపించాలని నాలో ఎక్కడో ఉండి ఉంటుంది.

హాలు కిటికీలకు హాస్టల్ దుప్పట్లు కట్టి చీకటి చేశారు. పాత బీరువాల తలుపులు, కూలర్ల డొక్కులు, ప్లాస్టిక్ పైపులు, బిర్యానీ చుట్టే వెండి కాగితం కలిపి నౌకను కట్టారు. దూరం నుంచి చూస్తే నిజంగానే ఎప్పుడో ఎవరో వదిలేసి వెళ్లినట్టు ఉండేది. దాని ద్వారం మాత్రం నా భుజం దాకా వచ్చేది. మొదటి రోజే నుదురు కొట్టుకున్నాను.

"ద్వారం ఎత్తు పెంచాలి," అన్నాను.

నాటకం రాసి, ఐదుగురిలో ఒకడిగా వేసే కుర్రాడు విద్యానగర్‌లో ఉంటాడు. వాళ్లది కోస్తా వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఉద్యోగస్తుల కుటుంబం. అతను చాలా మర్యాదగా, "ఈ నౌక మనవాళ్లది కాదండి. పొట్టివాళ్లెవరో కట్టుకున్నారు. అందుకే ద్వారం చిన్నదండి," అన్నాడు.

"కెప్టెన్ వంగడు."

"అయితే నౌకనే పైకి లేపమంటారా అండి?"

అందరూ నవ్వారు. ద్వారం అలాగే ఉంది, నేనూ అలాగే ఉన్నాను. వంగకుండా మోకాళ్లు మడిచి లోపలికి దూరడం నేర్చుకున్నాను. చూసేవాళ్లకు అది ఎలా ఉండేదో ఎవరూ నాతో చెప్పలేదు.

ఒక విషయంలో మాత్రం పిల్లలు నా మాట విన్నారు. వాళ్లు మొదట ఆ నౌకలోకి పోలీసుల్లా గబగబా దూకేవారు. ఖాళీ పడ్డ పెద్ద ఇంట్లోకి ఎవరూ అలా వెళ్లరని చెప్పాను. ముందు గుమ్మం దగ్గర ఆగి వాసన చూస్తారు. గబ్బిలాల వాసన వేరు, తడి గోడ వాసన వేరు, ఈమధ్య మనిషి మసలిన గది వాసన వేరు. కర్రతో నేల తట్టి, ఆ చప్పుడు ఎంత దూరం వెళ్లి తిరిగొస్తుందో వింటారు. తాకాలనిపించినదాన్ని వెంటనే తాకరు. నా ముప్పయ్యో ఏట టార్చి పట్టుకుని ఒంటరిగా మా గడీ అంతా తిరిగాను. అది ఎవరి ఇల్లని మాత్రం పిల్లలకు చెప్పలేదు. వాళ్లూ అడగలేదు. మర్నాటి నుంచి ఐదుగురమూ ఆ బీరువా తలుపుల మధ్య ఊపిరి బిగబట్టి నడిచాం.

చిక్కంతా ఒక్క వాక్యం దగ్గర. నౌక ద్వారం ముందు కెప్టెన్ నిలబడి, "లోపల ఎవరైనా ఉన్నారా? మాకు గాలి అయిపోతోంది," అని పిలవాలి. జవాబు రాదు. అప్పుడు లోపలికి వెళ్తారు. ఆ పిలుపు నిలబడితేనే నాటకం నిలబడుతుందని దర్శకురాలైన ఆ గోల్నాక అమ్మాయి అనేది. నేను పిలిచాను.

"సార్, మీరు అడుగుతలేరు. హాజరు తీస్కుంటున్నరు."

మళ్లీ పిలిచాను.

"గిప్పుడు మెమో ఇస్తున్నరు."

హాలు మూలన, చీపురు పక్కన పెట్టుకుని, మా బిల్డింగ్ ఊడ్చే పెద్దామె కూర్చుని ఉండేది. మౌలాలి నుంచి రోజూ వస్తుంది. ఇరవై ఏళ్లుగా ఆమెను చూస్తున్నాను. ఊడ్చినవా అన్న ఒక్క మాట తప్ప నేను ఆమెను మరేమీ అడిగింది లేదు. ఆ రోజు ఆమె తనలో తాను అనుకున్నట్టుగా, అందరికీ వినబడేలా అంది.

"గట్ల పిలిస్తె ఎవరు పలుకుతరు సార్? ఉన్నోళ్లు గూడ దాసుకుంటరు."

పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. మా గడీ నుంచి పిలుపు వస్తే ఊళ్లో ఇళ్లలో ఏం జరిగేదో నేను విని ఉన్నాను.

కమిటీ శుక్రవారం వస్తుంది. సోమవారం నాడు దర్శకురాలు నన్ను పక్కకు పిలిచింది. "సార్, గురువారం దాంక చూస్త. రాకపోతె ఆ మాట రాసినోనితోనే చెప్పిస్త. మీరు కెప్టెన్ పక్కపొంటి నిలవడుండ్రి. ఏమనుకోకుండ్రి. నాకిది ఆఖరిసారి."

ఏమీ అనుకోనన్నాను. ఇంటికి వెళ్లి అద్దం ముందు నిలబడి పిలిచాను. కింద నుంచి జిరాక్స్ అతను, "పిలిచిన్రా సార్? వస్తున్న ఆగుండ్రి," అంటూ మెట్లెక్కి పైకి వచ్చేశాడు. మా పిలుపుకు మనుషులు పరిగెత్తుకొస్తారు, అది ఇప్పటికీ పోలేదు. తలుపు తీసి లోపలికి రమ్మనే మనిషిని మాత్రం అది రప్పించలేదు. గురువారం రిహార్సల్‌లోనూ నా పిలుపు మెమోలాగే వచ్చింది. దర్శకురాలు నన్ను చూసి, ఏదో అనబోయి ఆగి, "సరే సార్, రేపు మీరే చెప్పుండ్రి. ఏమైతె అదైతది," అంది. ఆ దయ నాకు ఏ మాటకన్నా గట్టిగా తగిలింది.

శుక్రవారం మధ్యాహ్నం కమిటీవాళ్లు ముగ్గురు వచ్చారు. డిపార్ట్‌మెంట్ పిల్లలు, సిబ్బంది ఒక యాభై మంది దాకా కుర్చీలు నింపారు. ఇంటికి వచ్చినవాళ్లకు చాయ్ ఇవ్వకుండా కూర్చోబెట్టడం మా ఇంట్లో లేదు. క్యాంటీన్ కాగితపు కప్పుల్లో ఇవ్వడం అసలే లేదు. అందుకని ఇంటి నుంచి పింగాణీ కప్పులూ కరెంటు కెటిలూ తెచ్చాను. నాటకం మధ్యలో విరామంలో వేడివేడిగా అందాలని, తెర వెనక ఉన్న ఒకే ఒక్క ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కెటిల్ తగిలించి స్విచ్ వేశాను. ఆ బోర్డుకే స్టేజి లైట్లు, పొగ మెషిన్, స్పీకర్లు అన్నీ ఉన్నాయి. ఎవరినీ అడగలేదు. నా హాలులో నేను ఎవరిని అడగాలి?

నాటకం బాగానే మొదలైంది. మా సొంత నౌక ఖరాబైంది, ఐదుగురమూ వెలుతురు మసకబారుతుండగా పాత నౌక వైపు నడిచాం. పొగ మెషిన్ ఆన్ అయింది. వెనక ఎక్కడో టప్‌మని శబ్దం వచ్చింది. లైట్లు, స్పీకర్లు, ఫ్యాన్లు అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. దుప్పట్లు అంత బాగా కట్టారు మా పిల్లలు, నా చెయ్యి నాకే కనబడలేదు.

"బోర్డుకు ఎవరు ఏం పెట్టిన్రు?" అని తెర పక్క నుంచి దర్శకురాలు గుసగుసగా అడిగింది. నాకు తెలుసు.

మధ్యలో ఆగిన నాటకాన్ని కమిటీ లెక్కలోకి తీసుకోదు. అది నియమం. ముందు వరసలో ఒక కుర్చీ కిర్రుమంది, ఎవరో లేవబోతున్నారు. నా వెనక పిల్లల్లో ఒకరి చెయ్యి నా భుజం మీద పడింది. నేను చెయ్యి చాచాను. ద్వారం తగల్లేదు. ఇంకో అడుగు వేస్తే స్టేజి అంచేమో, మూడడుగుల కిందికి పడతానేమో. దారి ఎటో నాకు నిజంగా తెలియదు. ఆ అమ్మాయి ఆఖరి ఏడాది నా కెటిల్‌లో మునిగిపోతోంది. నా వెనక నలుగురున్నారు.

"ఇంట్ల ఎవరన్న ఉన్నరా?" అని పిలిచాను.

అది నాటకంలో రాసిన మాట కాదు. నౌకను పట్టుకుని ఇల్లన్నాను. "జర పలుకుండ్రి. దారి దొరుకుతలేదు. నా ఎంట పిల్లలున్నరు." ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అది మా ఇంటి లోపలి గొంతు కాదు, మా గడప బయట నిలబడ్డవాళ్ల గొంతు.

కుర్చీ కిర్రుమనడం ఆగింది. తరవాత నౌక వెనక మూల నుంచి జవాబు వచ్చింది.

"ఉన్న బిడ్డా, ఉన్న. రా, లోపలికి రా."

ఊడ్చే పెద్దామె, తను రోజూ కూర్చునే మూల నుంచే. ఇంట్లో ఎవరన్నా ఉన్నరా అంటే పలక్కుండా ఎట్లుంటరు, నాటకమని యాదికే రాలేదు అని తరవాత చెప్పింది. ఇరవై ఏళ్లుగా సార్ అన్న మనిషి, చీకట్లో ఎవరో తెలియక, నన్ను బిడ్డా అంది.

"కుడి దిక్కు రా. తల పైలం, దర్వాజ చిన్నది."

హాలులో ఎవరో పకపక నవ్వారు. నేను కుడివైపు జరిగాను. వంగాను. మోకాళ్లు మడవలేదు, వీపే వంచాను. నుదురు దేనికీ తగల్లేదు.

రాసిన కుర్రాడు నా వెనకే లోపలికి వచ్చి, తన నాటకాన్ని అక్కడికక్కడే మార్చేశాడు. "కెప్టెన్, ఈ నౌక ఖాళీగా లేదు," అన్నాడు. దర్శకురాలు తెర వెనక నుంచి "ఫోన్లు" అని ఒకే మాట అంది. నలుగురూ ఫోన్లు తీసి టార్చిలు వెలిగించారు. సన్నటి వెలుతురు పైపుల మీద, వెండి కాగితం మీద, చివరికి చీపురు పట్టుకుని కూర్చున్న ఆమె ముఖం మీద పడింది.

"ఎన్నాళ్ల నుంచి ఉన్నారు ఇక్కడ?" అని అడిగాడు.

"చాన ఏండ్లాయె బిడ్డా. అందరు ఎల్లిపోయిన్రు. నేను ఊడ్సుకుంట కూసున్న."

ఆ మాట ఎవరూ రాసింది కాదు. ఐదుగురమూ ఆమె చుట్టూ నేల మీద కూర్చున్నాం. కమిటీలో పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం టార్చి వెలుతురులో కనబడింది.

నాటకం అయ్యాక దుప్పట్లు విప్పారు. ఎండ లోపలికి వచ్చింది. పెద్దాయన ముందుకొచ్చి, "లైట్లన్నీ ఆర్పెయ్యాలన్న ఆలోచన ఎవరిది?" అని అడిగారు.

"మా కెప్టెన్ సార్‌దే సార్," అంది దర్శకురాలు కన్నార్పకుండా.

నేను కాదనలేదు. అబద్ధమూ కాదు. మా నాటకమే ఎంపికైందని అక్కడే చెప్పేశారు. పిల్లలు ఎగిరి గంతులేశారు. సందడి తగ్గాక ఆ అమ్మాయి చల్లారిన కెటిల్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"సార్, ఇది మీదేనా?"

"మాదే. తప్పు నాదే," అన్నాను. ఉద్యోగంలో ఆ రెండో మాట నేను అంతకుముందు అనలేదు.

"వార్షికోత్సవం నాడు గూడ తెండ్రి సార్," అని వెళ్లిపోయింది.

పెద్దామెకు పాత్ర ఇచ్చారు. మాటలు రాసివ్వలేదు. ఆమె ఒక్కటే షరతు పెట్టింది, నాకే. "గాడ జనం మస్తుంటరు సార్. జర గట్టిగ పిలువుండ్రి. నాకినబడాలె కద." ఈలోగా కుర్రాళ్లు నా మీద గౌరవంతో నౌక ద్వారాన్ని ఎత్తు పెంచి కట్టారు. ఇప్పుడది నా తలకు అడుగు పైన ఉంది.

వార్షికోత్సవం సాయంత్రం ఆరుబయట రంగస్థలం ముందున్న రాతి మెట్ల మీద ఖాళీ లేదు. జిరాక్స్ అతను దుకాణం మూసి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. లైట్లు ఆరాయి. ద్వారం ముందు నిలబడి పిలిచాను. జవాబు లేదు. రెండోసారి పిలిచాను. లేదు. ఆమెకు వినబడలేదా, కావాలనే ఆగిందా, ఈ రోజుకీ అడిగితే నవ్వుతుంది. మూడోసారి, "ఇంట్ల ఎవరన్న ఉన్నరా?" అన్నాను.

"ఉన్నం సార్, రాండ్రి," అని పై మెట్ల నుంచి ఒకరు అరిచారు. తరవాత ఆ వరసంతా, ఆ కింది వరసా, చివరికి మెట్లన్నీ. ఉన్నం, రాండ్రి. ఆ హోరు తగ్గేదాకా ఆగి, లోపలి నుంచి ఆమె తీరిగ్గా పలికింది.

"వచ్చినవా బిడ్డా. రా. తల పైలం."

అంత ఎత్తు ద్వారం ముందు వంగి లోపలికి వెళ్లాను. వెళ్లాక వీపు మళ్లీ నిటారుగా పెట్టుకున్నాను. కెప్టెన్‌ని కదా.