అమ్మ నోట్లో తమలపాకు

మా అమ్మ నుంచి నాకు గొంతు సగమే వచ్చింది, కోపం మాత్రం పూర్తిగా వచ్చింది. తమిళనాడు గుడియాత్తంలో మా తెలుగువాళ్ళ ఇంట పెళ్ళి కుదిరితే మండపం మాట్లాడకముందే అమ్మకు కబురు వచ్చేది, నలుగు పాట పాడాలని. పీటల మీద కూర్చోబెట్టిన పెళ్ళికూతురికీ పెళ్ళికొడుక్కీ నలుగుపిండి రాస్తూ ఆడవాళ్ళు పాడే ఆ పాటల్లో, వీధిలో ఎవరైనా అంటే చెంప పగిలే మాటలుంటాయి. మెడ మీద చెమట, జారిన పైట, ఎవరి గాజులు ముందు పగిలాయన్న ఆరా. అమ్మ అవన్నీ తల దించకుండా పాడేది. ప్రతి చరణం చివరా పెళ్ళివాళ్ళ పేరు వస్తుంది. పేరు రాగానే పిల్ల సిగ్గుతో మోకాళ్ళలో ముఖం దాచుకోవాలి. దాచుకోకపోతే అమ్మ మళ్ళీ అదే చరణం ఎత్తుకునేది.

ఆ పాటలన్నీ అమ్మ ఒక నోటుబుక్కులో రాసుకుంది. మాటలు తెలుగు, అక్షరాలు తమిళం. మా ఇంట్లో తెలుగు అందరూ గలగలా మాట్లాడతారు, చదవడం మాత్రం ఎవరికీ రాదు. నేనైనా ముప్ఫై దాటాకే అక్షరాలు నేర్చుకున్నాను. ఆ నోటుబుక్కులో పేర్లు వచ్చే చోటల్లా చుక్కలు పెట్టి ఖాళీ వదిలేసేది అమ్మ. ఏ పెళ్ళికి ఆ పేర్లు.

అమ్మ పాడకుండా కూర్చున్న నలుగు ఒకటే చూశాను, మా అక్కది. మా ఇళ్ళలో పెళ్ళికూతురి తల్లి నలుగు పాట పాడదు. కూతుర్ని ఆటపట్టించే మాట కన్నతల్లి నోట రాకూడదట. పాడితే ఏమవుతుందో ఎవరూ చెప్పరు, ఎవరూ పాడరు కూడా. ఆ రోజు మా మేనత్త పాడింది. మేనత్తకు ఉత్సాహం ఎక్కువ, శ్రుతి తక్కువ. ఆమె రాగం తప్పినప్పుడల్లా అమ్మ నోరు దానంతటదే తెరుచుకోబోయేది. చివరికి ఆరేడు తమలపాకులు ఒక్కటిగా మడిచి నోట్లో కుక్కుకుని, పాట అయ్యేదాకా గేదె నెమరు వేసినట్టు నములుతూ కూర్చుంది. పిల్లలం మేం పొట్ట పట్టుకుని నవ్వాం.

నేను వేలూరులో పాటకచ్చేరీ బృందాల్లో చాలా ఏళ్ళు పాడాను. పెళ్ళి రిసెప్షన్లు, గుడి తిరునాళ్ళు, కాలేజీ వేడుకలు. నా పక్కన నిలబడి పాడే మగగొంతు మారుతూ ఉండేది, నేను వాళ్ళందరినీ వరసగా ప్రేమిస్తున్నట్టు పాడుతూ ఉండేదాన్ని. బాగానే పాడేదాన్ని. అబద్ధాన్ని శ్రుతిలో పాడితే ఎవరికీ తెలియదు.

స్టేజీకి జాకెట్ కుట్టించుకోవడానికి వెళ్ళి ఆమెను కలిశాను. ఆమెది కే.వి.కుప్పం, తమిళం మాట్లాడే ఇల్లు, వేలూరు బజారు వెనక సందులో చిన్న టైలరింగ్ షాపు. టేపు నా చుట్టూ తిప్పి, "ఊపిరి బిగబట్టకు, మామూలుగా ఉండు" అంది తమిళంలో. నాకు మామూలుగా ఉండటం చేతకాలేదు. ఆ జాకెట్ బిగుతైందని ఒకసారి, వదులైందని ఒకసారి, చంక దగ్గర పట్టేస్తోందని ఒకసారి వెళ్ళాను. నాలుగోసారి ఆమె జాకెట్ చేతిలోకి కూడా తీసుకోలేదు. "జాకెట్ బాగానే ఉంది. నీకేం కావాలో అది చెప్పు" అంది. చెప్పాను. ఆ షాపు పైనున్న రెండు గదుల్లో మేం కాపురం పెట్టి నాలుగేళ్ళయింది. కింద కుట్టుమిషను చప్పుడు మొదలైతే పైన నా సాధకం మొదలవుతుంది. ఇంతకంటే సుఖంగా నేనెప్పుడూ లేను.

అమ్మకు మొదటి ఏడాదే చెప్పేశాను. మూడు నెలలు ఫోను ఎత్తలేదు. తర్వాత ఎత్తింది, ఏమీ జరగనట్టు టమాటా ధర గురించి మాట్లాడింది. అప్పటి నుంచి అన్నీ మామూలే, ఒక్కటి తప్ప. ఆమె పేరు అమ్మ ఎప్పుడూ పలకలేదు. "ఆ టైలరమ్మ తిన్నిందా? ఆ టైలరమ్మకు జరం తగ్గినిందా?" అని అడిగేది. నాకు ఒళ్ళు మండేది. పేరు పెట్టి అడగమంటే, "నోరు తిరగదులేమ్మా" అనేది, పదహారు చరణాలు ఊపిరి తీయకుండా పాడే మనిషి.

ఈలోగా నా సొంత పాటలు పుట్టాయి, ఆరు. అన్నీ ఆమె మీదే. కొలతల మీద ఒకటి: "ఊపిరి బిగబట్టకంటివే, వదిలితే నీ పేరే వస్తాదే." మెడ వెనక అంటుకున్న దారప్పోగు మీద ఒకటి. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు చల్లటి గచ్చు మీద ఇద్దరం పడుకోవడం మీద ఒకటి. చెన్నైలో ఒక పాటల కంపెనీ ఆయన విని, గొంతు బాగుంది, బాణీ బాగుంది, "ఆమె" ఉన్నచోట "అతడు" అని పెడితే చాలన్నాడు. ఎంత సులువో! కూర బాగుంది, అందులో వంకాయ తీసేయమన్నట్టు. వంకాయ కూర అది. నేను అక్కడే రెండు మాటలు అనేసి బస్సెక్కాను. ఎవరూ వేయకపోతే నేనే వేసుకుంటానన్నాను. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు భయమెందుకు?

ఆరో పాట నలుగు పాట. పీటల మీద ఇద్దరూ ఆడవాళ్ళే, చరణాల చివర మా ఇద్దరి పేర్లు. అది అమ్మ గొంతులోనే ఉండాలని నా పట్టు. మిగతా ఐదూ ఎలా ఉన్నా పర్వాలేదు, ఇది అమ్మ పాడకపోతే రికార్డే వద్దనుకున్నాను. కానీ అడగడానికి భయపడ్డాను. నాకు కచ్చేరీలు పోతే ఇంకో ఊళ్ళో పాడుకుంటాను. అమ్మకు గుడియాత్తం పెళ్ళిళ్ళు పోతే ఇంకేముంది? చివరికి వెళ్ళి, మగ్గాల చప్పుడు వినబడే ఆ ముందు గదిలో కూర్చుని, పాట మొత్తం వినిపించాను.

అమ్మ కళ్ళు మూసుకుని విని, "ఇదేంది, నలుగు పాటలో ఇంత మర్యాద?" అంది. "సూది పట్టిన చెయ్యి సుకుమారం అంటావే. సుకుమారం ఎవురిగ్గావాల? ఆ చెయ్యి యాడ ఆగినాదో చెప్పాల." అంటూ రెండో చరణం తనే మార్చింది. ఆ మార్పు విని నేనే మోకాళ్ళలో ముఖం దాచుకోబోయాను.

"అయితే పాడతావా?" అన్నాను.

"పాట రికార్డు నాడు వస్తాలే" అంది. దాన్ని నేను సరే అనుకున్నాను.

రికార్డింగు వేలూరులో, ఒక మేడ మీది గదిలో. తమిళుల ఆడి మాసం వస్తే అమ్మవారి పాటల రికార్డింగులతో ఊపిరాడని ఒకాయన అది నడుపుతాడు, నేను అన్నయ్య అంటాను. గోడలకు పాత బొంతలు కట్టి, నా మిగతా ఐదు పాటలూ ఒక్కసారి కూడా కనుబొమ్మ ఎగరేయకుండా రికార్డు చేశాడు. నలుగు పాట రోజు నేల మీద చాప పరిచి రెండు పీటలు వేశాను, పాటకు ఆ వాతావరణం ఉండాలని. ఆమె షాపు మూసి వచ్చింది. గుడియాత్తం నుంచి బస్సు దిగి అమ్మ వచ్చింది, పట్టుచీరలో. వెనకే మా మేనత్త, తనూ పట్టుచీరలోనే.

అమ్మ సంచీలోంచి నలుగుపిండి డబ్బా తీసింది, పసుపు తీసింది, తమలపాకుల కట్ట తీసింది. మమ్మల్నిద్దర్నీ పీటల మీద కూర్చోమంది. మేనత్తను మైకు ముందుకు తోసింది. "వదినా, నువ్వు పాడు" అంది.

"అమ్మా, అత్త పాడేదేంది? నేను అడిగింది నిన్ను!"

"నేను పాడను."

"చరణం రాసి ఇస్తివి, పట్టుచీర కట్టుకుంటివి, పాడేదానికి మాత్రం సిగ్గు వచ్చిందా? నలుగురు ఏమంటారో అనా?" నా గొంతు ఆ బొంతలు కూడా ఆపలేనంత లేచింది. పక్క పీట మీంచి ఆమె నా మోచేయి పట్టుకుంది. అన్నయ్య హెడ్‌ఫోన్లు తీసేశాడు. నేను ఆగలేదు. "ఊరోళ్ళ పిల్లలకంతా పాడతావు. నాకు మాత్రం పాడవు!"

అమ్మ నా వైపు విసుగ్గా చూసింది, చిన్నప్పుడు కుడి చెప్పు ఎడమ కాలికి వేసుకుంటే చూసినట్టు.

"దానికే కదే పాడలేంది! పెండ్లికూతురి అమ్మ నలుగు పాడతాదా? యాడన్నా చూసినావా? అక్క పెండ్లిలో పాడితినా?"

నేను రికార్డింగుకు పిలిచాను. అమ్మ పెళ్ళికి వచ్చింది. నాలుగేళ్ళ కాపురం, ఆరు పాటలు, కంపెనీ ఆయనతో గొడవ, ఇంత చేసిన నాకు ఇది పెళ్ళి అన్న ఊహే రాలేదు. అమ్మకు ఆ సందేహమే లేదు. పీట మీద కూర్చునే ఏడ్చాను, దాచుకోకుండా. అమ్మ అది పట్టించుకోకుండా ఆరేడు తమలపాకులు మడిచి, వక్క వేసి, నోట్లో కుక్కుకుంది.

మేనత్త ఎత్తుకుంది. రాగం అక్క పెళ్ళినాడు ఎక్కడ తప్పిందో సరిగ్గా అక్కడే తప్పింది. అమ్మ నములుతూ మాకు నలుగుపిండి రాసింది, ముందు నాకు, తర్వాత ఆమెకు. మొదటి చరణం చివర నా పేరు వచ్చింది, నేను ముఖం దాచుకున్నాను. రెండో చరణం, అమ్మ దిద్దిన ఆ సిగ్గులేని చరణం, మేనత్త బ్రహ్మాండంగా పాడింది. చివర ఆమె పేరు రావాలి. మేనత్త ఆగిపోయింది. పాపం, మేనత్తకు ఆ పేరు తెలియదు. మా ఇంట్లో నాలుగేళ్ళుగా విన్నది "టైలరమ్మ" ఒక్కటే.

మేనత్త అమ్మ వైపు చూసింది. నేను చెప్పబోయాను. ఈలోపు అమ్మ గడ్డం పైకెత్తి, రసం కారకుండా పెదవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నోటి నిండా ఆకుతో ఆ పేరు పలికింది. తమిళ పేరు, పొడుగు పేరు, ఒక్క అక్షరం నలగకుండా. ఎప్పటి నుంచి నేర్చుకుందో ఏమో. పట్టుచీర మీద ఎర్రటి చుక్క పడింది. మేనత్త ఆ పేరు అందుకుని చరణం ముగించింది. నా పక్కన ఆమె, మా ఆచారం ఎవరూ చెప్పకుండానే, మోకాళ్ళలో ముఖం దాచుకుంది.

మధ్యలో అమ్మ అందించిన ఆ మాట తీసేసి మళ్ళీ పాడిద్దామన్నాడు అన్నయ్య. వద్దన్నాను. పాటలు ఫోన్లలోకి ఎక్కించి, ఊళ్ళోవాళ్ళ కోసం పెన్‌డ్రైవుల్లో కూడా వేశాం. ఒక్కోదానికి మిగిలిన జాకెట్ గుడ్డతో ఆమె సంచీ కుట్టింది. గుడియాత్తంలో ఒక షేర్ ఆటోలో కొలతల పాట మోగిందని విని రెండు రోజులు నేల మీద నడవలేదు. రెండు ఇళ్ళవాళ్ళు అమ్మను పెళ్ళికి పిలవడం మానేశారు. "వాళ్ళింట్లో కాఫీ కూడా నీళ్ళే" అని అమ్మ వాళ్ళను కొట్టిపారేసింది, కానీ ఆ రోజంతా దిగులుగానే ఉంది. మిగతా ఇళ్ళవాళ్ళు పిలుస్తూనే ఉన్నారు. కొందరు ఆ రెండో చరణం కూడా పాడమంటున్నారట.

పోయిన నెల ఊరెళ్ళినప్పుడు ఆ నోటుబుక్కు తీసి చూశాను. చివరి పేజీలో నా నలుగు పాట ఎక్కించింది అమ్మ, తమిళ అక్షరాల్లో. మిగతా పాటలన్నిటిలో పేర్లు వచ్చే చోట చుక్కలున్నాయి. ఇందులో చుక్కలు లేవు. మా ఇద్దరి పేర్లు రాసేసింది.