ఎల్లస్వామి కుప్ప

కాశిబుగ్గలో మా కిరాణా దుకాణానికి ఎదురుగా ఎల్లస్వామి రిపేరు షాపు. అతని కోపం మా గల్లీలో ఎరగనివాళ్లు లేరు. మిక్సీ పట్టుకొచ్చినవాడు "కొత్తది కొనుడే నయమేమో అన్నా" అని నోరు జారాడా, అంతే సంగతులు. "ఇంట్ల ముసలోళ్లకు దగ్గొస్తే గూడ కొత్తోళ్లను తెచ్చుకుంటవారా?" అని మీదికి లేస్తాడు.

షాపు వెనక వాళ్ల ఇంటి దొడ్లో అతనిదొక కుప్ప ఉండేది. ఆగిపోయిన మిక్సీలు, కూలర్లు, వాషింగ్ మెషీన్లు. ఎవరు పారేస్తామన్నా అడిగి తెచ్చుకునేవాడు. తెచ్చినదాన్ని వెంటనే విప్పడు. "తీసి డబ్బాల వేస్తే తుప్పు పడతది, మరలు మాయమైతయ్. ఉన్నకాడ ఉండనీ. ఎవలికన్న అక్కరొచ్చిన నాడు తీద్దాం" అంటాడు. అందుకే చూసేవాళ్లకు అది ఉత్త చెత్తలా కనిపించేది. కాకిపిల్ల కాకికి ముద్దని నేనూ ఎగతాళి చేసేదాన్ని. మా ఫ్రిజ్ తలుపుకున్న రబ్బరు మాత్రం ఆ కుప్పలోంచి వచ్చిందే.

మొన్న సద్దుల బతుకమ్మ రోజు పొద్దున్నే సమ్మమ్మ ఏడుస్తూ ఎల్లస్వామి షాపుకు వచ్చింది, చూసి నేనూ వెళ్లాను. మొగుడు పోయాక పిండి రుబ్బి అమ్ముకుని బతుకుతున్న మనిషి. తెల్లారితే దసరా. దసరా అంటే మాకు యాటకూర, గారెలు. మినప్పిండి కావాలని గల్లీ గల్లీ ఆమెకే చెప్పి పెట్టింది. బకెట్ల నిండా పప్పు నానబోసుకుంటే, మొదటి వాయికే గ్రైండరులో డ్రమ్మును తిప్పే ప్లాస్టిక్ పళ్లచక్రం విరిగింది. కంపెనీకి ఫోన్ చేస్తే, ఆ మోడల్ బందయింది, సామాను రాదు, కొత్తది కొనుక్కోమన్నారట. నాకు ఒళ్లు మండింది. గుప్పెట్లో పట్టే చక్రం ఇవ్వలేనివాళ్లు అంత గ్రైండరును మనకెందుకు అంటగట్టినట్టు?

"ఏడువకు చెల్లె" అన్నాడు ఎల్లస్వామి. "అసొంటి గ్రైండరే మన కుప్పల ఉన్నది. ఇప్పుడే తీసి బిగిస్త."

స్క్రూడ్రైవర్ పట్టుకుని వెనక్కి నడిచాడు. మేమూ వెంట వెళ్లాం. దొడ్డి ఖాళీగా ఉంది. ఊడ్చి, సాన్పు చల్లి, నడుమ పెద్ద ముగ్గు వేసి ఉంది.

ముందురోజు అతను రిపేరు పనిమీద నర్సంపేట పోయి చీకటి పడ్డాక వచ్చాడు. ఆ సందు చూసుకుని, బతుకమ్మ ఆడడానికి జాగా అవుతుందని కొడుకు హరీష్ కుప్పనంతా పాత సామాన్ల బండికి ఎత్తించాడు.

"అన్ని కరాబయినయే గద బాపు" అన్నాడు హరీష్. "గల్లీల అందరు నవ్వుతాండ్రు."

"కరాబయినయని నీకెవడు చెప్పిండ్రా? ఒక్క పార్టు పోతే మిగిలినయన్ని మంచిగనే ఉంటయ్! కన్ను పోయినోని కాళ్లు గూడ నరుకుతవా?"

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, తండ్రీ కొడుకులు మోటారు బండి మీద ఎనుమాముల రోడ్డులోని తుక్కు దుకాణానికి ఉరికారు. అక్కడివాళ్లు అప్పటికే రాగి తీగ కోసం అన్నిటినీ సుత్తెలతో పగలగొట్టారు. రాగి ఒక పక్క, ప్లాస్టిక్ ముక్కలు బస్తాల్లో. బస్తాలు గుమ్మరించి వెతికితే చక్రం దొరికింది, రెండు చెక్కలుగా.

తిరిగొచ్చిన ఎల్లస్వామి అరవలేదు. నాకు భయమేసింది. నేరుగా వంటింట్లోకి వెళ్లాడు. కోడలు సౌమ్య అప్పుడే గారెలకు పప్పు కడుగుతోంది. ఇంట్లో ఉన్న అదే మోడల్ గ్రైండరును ఎత్తుకొచ్చి వాకిట్లో బోర్లించి మరలు విప్పడం మొదలుపెట్టాడు.

"బాపు, అది మంచిగ నడుస్తాంది గద!" హరీష్ అడ్డం వచ్చాడు.

"నడుస్తాంది. ఎట్ల నడుస్తాందో ఎన్నడన్న అడిగినవా? దీని చక్రం పోయినేడు విరిగింది. నువ్వు అమ్ముకున్న కుప్పలకెళ్లే తెచ్చి బిగించిన. సమ్మమ్మది గూడ ఎప్పుడో ఒకనాడు విరుగుతదని రెండోది ఉంచిన. దాన్నే నువ్వు తుక్కు చేసినవ్."

హరీష్‌ను చూస్తే నాకు జాలి కలగలేదు, ఇంకో నాలుగు తిట్టాలనిపించింది. ఎల్లస్వామి చక్రాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. మరలన్నీ వాటి వాటి రంధ్రాల్లోనే తిరిగి బిగించాడు. ఆ గ్రైండరును మోసుకెళ్లి దొడ్లో, కుప్ప ఉన్నచోటే, ముగ్గు నట్టనడుమ పెట్టాడు.

"ఇగ ఆ పప్పు గిన్నె పట్టుకోని సమ్మమ్మ ఇంటికి నడువు. అందరి తర్వాత నిలబడు" అన్నాడు కొడుకుతో.

మధ్యాహ్నానికి సమ్మమ్మ గ్రైండరు తిరిగింది. సందు చివర దాకా గిన్నెలతో మనుషులున్నారు. అందరికన్నా వెనక హరీష్ నిలబడ్డాడు.

సాయంత్రం మా బతుకమ్మలను దొడ్లో చక్రం లేని ఆ గ్రైండరు చుట్టూ పెట్టుకుని ఆడాం. దాన్ని పక్కకు జరపమని హరీష్ కూడా అనలేదు.