ఉప్పు బంద్ పెట్టిన ఇల్లు

ఎమర్జెన్సీ పోయినంక వచ్చిన ఎండాకాలమది. పొద్దుగాల మొఖం కడుగుతాన. నీళ్ళు కుడిచెంపకు తాకంగనే కరెంట్ షాక్ కొట్టినట్టయింది. అమ్మో అనుకుంట కూలబడ్డ. జరసేపటికి తగ్గింది. తర్వాత నవ్వితే వచ్చుడు, బువ్వ నమిలితే వచ్చుడు.

అందరు పన్నునొప్పే అన్నరు. మంచి పండ్లు రెండు పీకించుకున్న. నొప్పి ఎటూ పోలే.

ఆఖరికి పెద్ద దవాఖానల డాక్టరమ్మ వేలుతోని చెంప తాకి చూసింది. "పన్ను కాదమ్మా, ట్రైజెమినల్ న్యూరాల్జియా, అంటే ముఖం నరం నొప్పి. నరానికి ఛానల్స్ అని సన్నటి తలుపులుంటాయి. ఉప్పులో ఉండే సోడియం వాటిలోంచి లోపలికి ఉరికితే కరెంట్ పుడుతుంది. నీకు అవి ఊరికూరికే తెరుచుకుంటున్నాయి" అని, ఆ తలుపులను ఆపేటందుకు కార్బమాజెపిన్ గోలీలు రాసిచ్చింది. కొన్నొద్దులకే నీళ్ళు తాకినా చెంప ఊకున్నది. సంబురంతోని ఏడ్చిన.

మా ఆయన పక్కనే నిలబడి అంతా విన్నడు. "ఉప్పే గద లోపటికి ఉరికేది! ఇంట్ల ఉప్పు కనబడద్దు" అని తొక్కు జాడీ సుత పక్కింటోళ్ళకిచ్చిండు. నా మీద పావురంతోనే, ప్రేమకొద్దే, పాపం. తను సుత చప్పటి కూరే తిన్నడు.

రాను రాను తల తిరుగుడు, మబ్బు. ఒకనాడు మగ్గం మీద కూసుంటే ఏ రంగు పోగు ఎయ్యాల్నో యాదికి రాలే. మాది కొత్తవాడ, జంపఖానాలు నేస్తం. మా బాపు నేర్పిన పువ్వు డిజైను నాకు తప్ప ఎవ్వలకు రాదు. నొప్పి పోయింది గని నేనే పోతాన్ననిపించి మస్తు భయమైంది.

మల్ల దవాఖానకు ఉరికినం. రక్తం టెస్టుల సోడియం బాగ తగ్గింది. "ఏం తింటున్నారు?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఉప్పు రవ్వంత సుత పెడతలేను మేడం!" అన్నడు మా ఆయన, ఛాతి విరుచుకొని.

ఆమె నెత్తి పట్టుకున్నది. "అయ్యా, తప్పు ఆ తలుపులది, ఉప్పుది కాదు. ఈ మందుతోనే కొందరికి సోడియం తగ్గుతుంది. ఉన్నది కూడా నువ్వు ఊడ్చేశావు. చెంపకు నీళ్ళు తాకింది తెలియాలన్నా, నేసింది గుర్తుండాలన్నా అదే కావాలి."

దవాఖానల ఉంచుకొని మెల్లగ సెలైన్ ఎక్కించిన్రు, గోలి డోసు తగ్గించిన్రు. ఇంటికొచ్చినంక భయం భయంగనే మగ్గం ఎక్కిన. చెయ్యి తనంతట తనే ఎర్రపోగు అందుకున్నది. రెక్క మీద రెక్క, పువ్వు మొత్తం వచ్చింది. హమ్మయ్య, బతికిన అనుకున్న.

ఏండ్లు గడిచినయి. చెంప నిమ్మలంగున్నది, ఆ పువ్వు మా బిడ్డకు సుత నేర్పిన. మీకు చెప్పేదొక్కటే: డాక్టర్ మాట ఎంత సమజైనా, తిండిల ఏదన్న బంద్ చేసే ముందు మల్లొక్కసారి అడుగుండ్రి. మా ఆయనైతే ఇప్పటికీ కూరల ఉప్పు ఎక్కువైనా కిక్కురుమనకుంట తింటడు.